తప్పు తాళంచెవికి తెరుచుకున్న తలుపు: మైఎస్‌క్యూఎల్ 2012 లోపం, మన సంఘాల రిజిస్టర్లు

బళ్ళారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా, షోలాపూరు అయినా, యానాం అయినా మన తెలుగు సంఘాల సభ్యత్వ రిజిస్టరు ఇప్పుడు బీరువాలో కన్నా కంప్యూటర్లోనే ఎక్కువగా ఉంటోంది. సభ్యుల పిల్లల్లో కంప్యూటరు తెలిసిన ఒకరు వెబ్‌సైటు పెట్టిస్తారు. అందులో సభ్యత్వ ఫారం, చందా రసీదు, స్కాలర్‌షిప్ దరఖాస్తు చేరతాయి. ఆ కుర్రవాడికి పుణెలోనో బెంగళూరులోనో ఉద్యోగం వస్తుంది, వెళ్ళిపోతాడు. సైటు మాత్రం నడుస్తూనే ఉంటుంది. నడుస్తోంది కదా అని ఎవరూ దాని జోలికి పోరు.

ఆ రిజిస్టరులో ఏముందో ఒకసారి నెమ్మదిగా చూసుకుందాం. పేరు, ఇంటిపేరు, పూర్వీకుల ఊరు, ఫోను నంబరు, ఇంటి చిరునామా, పిల్లలు ఏ తరగతి, దరఖాస్తు పెట్టినవారి బ్యాంకు ఖాతా నంబరు, ఆధార్ నకలు. ఇవన్నీ ఒక మోసగాడి చేతిలో పడితే ఏమవుతుంది? మరాఠీ ఊళ్ళోనో ఒడియా ఊళ్ళోనో ఒంటరిగా ఉంటున్న డెబ్బై ఏళ్ళ పెద్దమ్మకు ఫోను వస్తుంది. అవతలివాడు చక్కగా తెలుగులో మాట్లాడతాడు, ఇంటిపేరుతో పలకరిస్తాడు, మీది ఫలానా ఊరు కదా అంటాడు, సంఘం నుంచి మాట్లాడుతున్నానంటాడు. బజారులో తెలుగు వినబడని చోట, ఫోనులో తెలుగు వినబడితే చాలు ఆమె నమ్మేస్తుంది. మామూలు మోసపు ఫోను కన్నా మన పెద్దలకు ఇదే ఎక్కువ ప్రమాదం. అందుకే రిజిస్టరు పెట్టుకున్న పెట్టె తాళం గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఎంచుకున్న ఉదాహరణ పాతది, 2012 నాటిది. పాతదే ఎందుకంటే దాని లోగుట్టు అంతా బయటపడి చాలాకాలమైంది, మందు కూడా ఉంది. పైగా ఇది గుమాస్తా పని తెలిసినవాళ్ళకు వెంటనే అర్థమయ్యే తప్పు. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళ మధ్య బతికిన మాకు ఇది చదివినప్పుడు, ఇది మన కచ్చేరీలో జరగవలసిన తప్పే కదా అనిపించింది.

ముందు డేటాబేస్ అంటే ఏమిటో చెప్పుకుందాం. వెబ్‌సైటులో మనకు కనబడే బొమ్మలూ అక్షరాలూ గుమ్మం లాంటివి. వెనక గదిలో రిజిస్టర్లు వరుసగా పెట్టి, అడిగిన పేజీ తీసి ఇచ్చే రికార్డు గుమాస్తా ఒకడుంటాడు. ఆ గుమాస్తాయే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. చిన్న సైట్లలో ఈ ఉద్యోగం చాలావరకు మైఎస్‌క్యూఎల్‌దే, లేదా దాని చెల్లెలు మరియాడీబీది. వర్డ్‌ప్రెస్ మీద కట్టిన సైటు అయితే వెనక ఈ రెండింటిలో ఒకటి ఉంటుందని మామూలుగా అనుకోవచ్చు.

చెల్లెలు అన్న మాట ఊరికే అనలేదు. మైఎస్‌క్యూఎల్‌ను తయారుచేసిన వారిలో ముఖ్యుడు ఫిన్లండ్ దేశస్థుడు మైకేల్ విడేనియస్. ఆయన పెద్ద కూతురి పేరు మీదనే దానికి ఆ పేరు పెట్టారు. స్వీడన్‌లోని వారి కంపెనీని 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ కొన్నది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. ఒరాకిల్ చేతిలో పడితే అందరికీ అందుబాటులో ఉండదేమో అన్న అనుమానంతో విడేనియస్ అదే సరుకుతో వేరు కాపురం పెట్టారు. దానికి చిన్న కూతురు మరియా పేరు పెట్టారు. మన ఊళ్ళలో లారీల మీద కూతుళ్ళ పేర్లు రాయించుకుంటారు, ఆయన డేటాబేస్‌ల మీద రాయించుకున్నారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళదీ మూలం ఒక్కటే కాబట్టి 2012లో బయటపడిన లోపం ఇద్దరిలోనూ ఉంది.

ఆ లోపానికి ప్రపంచవ్యాప్తంగా వాడే గుర్తింపు సంఖ్య సీవీఈ 2012-2122. సంగతి ఏమిటంటే, తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా ఒక్కోసారి తలుపు తెరుచుకునేది.

ఎందుకు తెరుచుకునేదో తెలియాలంటే పాస్‌వర్డును ఎలా సరిచూస్తారో తెలియాలి. మనం ఇచ్చిన పాస్‌వర్డును డేటాబేస్ ఉన్నదున్నట్లు రాసిపెట్టుకోదు. దాన్ని గణితపు రుబ్బురోలులో వేసి, వచ్చిన పిండిని మాత్రం దాచుకుంటుంది. పిండిని చూసి గింజలను తిరిగి తయారుచేయలేం కదా, అదీ కిటుకు. ఎవరైనా లోపలికి రావాలని అడిగినప్పుడు, డేటాబేస్ అప్పటికప్పుడు ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. వచ్చినవాడి కంప్యూటరు తన పాస్‌వర్డునూ ఆ సంఖ్యనూ కలిపి లెక్క వేసి జవాబు పంపాలి. ఆ జవాబు నుంచి డేటాబేస్ మళ్ళీ పిండి తయారుచేసి, తన దగ్గర దాచినదానితో సరిపోలుస్తుంది. సంఖ్య ప్రతిసారీ మారుతుంది కాబట్టి, నిన్నటి జవాబును దొంగిలించి ఈరోజు చూపిస్తే పనిచేయదు. ఇంతవరకు చాలా తెలివైన ఏర్పాటే. కానీ ప్రతిసారీ సంఖ్య మారడం అన్న ఈ తెలివే తర్వాత దొంగకు ఎలా పనికొచ్చిందో చూస్తారు.

రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలు తీసుకున్నవారికి తెలుసు, కింద మూడు సంతకాలుంటాయి: నకలు రాసినవారు, చదివినవారు, సరిచూసినవారు. ఒకరు అసలును చదువుతుంటే మరొకరు నకలు మీద వేలు పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తారు. కంప్యూటర్లో ఈ సరిచూసేవాడి పేరు మెమ్‌కంప్. రెండు వరుసల అక్షరాలు ఇస్తే పోల్చి ఒక అంకె చెబుతుంది. రెండూ ఒకటే అయితే సున్నా. తేడా ఉంటే సున్నా కాని ఏదో ఒక అంకె. ఆ అంకె ఎంత పెద్దదిగా ఉండవచ్చో నియమాల్లో ఎక్కడా చెప్పలేదు. మొదటిది పెద్దదైతే ధనసంఖ్య, చిన్నదైతే రుణసంఖ్య అని మాత్రమే ఉంది.

మైఎస్‌క్యూఎల్ రాసినవాళ్ళు ఈ అంకెను రాసుకోవడానికి చాలా చిన్న గడి కేటాయించారు. ఎనిమిది బిట్ల గడి, అందులో 256 రకాల అంకెలు మాత్రమే పడతాయి. మెమ్‌కంప్ ఇచ్చే అంకె మైనస్ 128కీ 127కీ మధ్యనే ఉంటుందని వాళ్ళు అనుకున్నారు. చాలా కంప్యూటర్లలో అలాగే ఉండేది కూడా.

ఇక్కడ మా క్యాష్‌బుక్కు ఉదాహరణ చెప్పనివ్వండి. సాయంత్రం నగదు లెక్కపెట్టి, పుస్తకంలోని నిల్వతో పోల్చి, తేడాను ఒక గడిలో రాయాలి. గడిలో సున్నా ఉంటే లెక్క సరిపోయింది, సూపరింటెండెంటు సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ గడి ఎంత ఇరుకంటే చివరి రెండు అంకెలే పడతాయి అనుకోండి. 7 రూపాయల తేడా వస్తే 07 అని పడుతుంది, పట్టుబడుతుంది. 143 రూపాయలైతే 43 అని పడుతుంది, అదీ పట్టుబడుతుంది. సరిగ్గా 100 రూపాయలు తక్కువైతే? గడిలో 00 పడుతుంది. 300 తక్కువైనా 00, 1,200 తక్కువైనా 00. లెక్క సరిపోయిందని సంతకం అయిపోతుంది. కంప్యూటరు గడిలో 100కు బదులు 256 ఉంటుంది, అంతే భేదం. తేడా సరిగ్గా 256కు గుణిజమైతే గడిలో సున్నా మిగులుతుంది. సున్నా అంటే పాస్‌వర్డు సరైనదని అర్థం. తలుపు తెరుచుకుంటుంది.

కొన్ని లినక్స్ కంప్యూటర్లలో పని వేగంగా జరగడానికి మెమ్‌కంప్‌ను కొత్తగా రాశారు. ఆ కొత్త సరిచూపరి పెద్ద పెద్ద అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు. అతను నియమం తప్పలేదు, పెద్ద అంకె చెప్పకూడదని ఎవరూ అనలేదు. ఇరుకు గడి ఉన్నది మైఎస్‌క్యూఎల్ పుస్తకంలో. ఇద్దరూ ఎవరి పని వారు సరిగ్గానే చేశామని అనుకున్నారు, మధ్యలో దొంగకు దారి పడింది. రెండు డిపార్టుమెంట్ల మధ్య ఫైలు తిరిగిన అనుభవం ఉన్నవారికి ఇది కొత్తేమీ కాదు.

ఇప్పుడు ఇందాకటి యాదృచ్ఛిక సంఖ్య సంగతి. ప్రతి ప్రయత్నానికీ డేటాబేస్ కొత్త సంఖ్య పంపుతుంది కాబట్టి, దొంగ అదే తప్పు పాస్‌వర్డును పదే పదే ఇచ్చినా ప్రతిసారీ తేడా వేరుగా వస్తుంది. అంటే అతడు పాస్‌వర్డు ఊహించనక్కరలేదు. ఏదో ఒక పిచ్చి మాట ఇస్తూ పోవడమే, ఒక్కో ప్రయత్నం ఒక్కో లాటరీ టికెట్టు. సుమారు 256 సార్లలో ఒకసారి తగులుతుంది. మేము కాగితం మీద లెక్క వేసి చూశాం. 100 సార్లు ప్రయత్నిస్తే లోపలికి పోయే అవకాశం నూటికి 32. 300 సార్లయితే నూటికి 69. 1,000 సార్లయితే నూటికి 98. మనిషికి 1,000 సార్లు టైపు చేయడం కష్టం గానీ, కంప్యూటరుకు 300 ప్రయత్నాలు క్షణం కూడా పట్టని పని. దీనికి పెద్ద ప్రోగ్రాం కూడా అవసరం లేదు, ఒక్క వరుస ఆజ్ఞ చాలు. మీ పాస్‌వర్డు ఎంత పొడుగైనా, ఎన్ని గుర్తులు కలిపినా ప్రయోజనం లేదు. తాళం నాణ్యతతో సంబంధం లేకుండా గడియే ఊడిపోయిందన్నమాట.

దొంగకు తెలియవలసింది ఒక్కటే, ఖాతా పేరు. మైఎస్‌క్యూఎల్‌లో రూట్ అనే పెద్ద ఖాతా మామూలుగా ఉండనే ఉంటుంది. అదే అన్నిటికీ అధికారి. కాబట్టి అదీ అడ్డంకి కాలేదు.

ఇంత పెద్ద లోపం అన్నాళ్ళు ఎవరి కంటా పడలేదు. ఎందుకు పడలేదంటే, సరైన పాస్‌వర్డు ఇచ్చినవాడు ఎప్పుడూ సరిగ్గానే లోపలికి వెళ్ళాడు. ఫిర్యాదు చేయడానికి అతనికి కారణం లేదు. పరీక్షించేవాళ్ళు తప్పు పాస్‌వర్డు ఇచ్చి ఒకటి రెండుసార్లు చూస్తారు, తలుపు తెరుచుకోదు, బాగానే ఉందనుకుంటారు. ఒకే తప్పు పాస్‌వర్డును 256 సార్లు ఎవరిస్తారు? దానికి తోడు ఈ లోపం అన్ని కంప్యూటర్లలోనూ కనబడేది కాదు. మూలం ఒకటే అయినా, ఏ సాధనాలతో తయారుచేశారన్నదాన్ని బట్టి ఒకచోట గట్టిగా ఉండేది, మరొకచోట ఊడిపోయేది. మైఎస్‌క్యూఎల్ కంపెనీవారు స్వయంగా తయారుచేసి ఇచ్చిన ప్యాకేజీల్లో ఇది పనిచేయలేదు. ఉబుంటు, ఓపెన్‌సూసే, ఫెడోరా వంటి పంపిణీల 64 బిట్ల కూర్పులు కొన్నిటిలో పనిచేసింది. ఒకే కమ్మరి దగ్గర చేయించిన తాళాల్లో కొన్ని మంచివి, కొన్ని కావు అన్నట్లు.

2012 వేసవిలో కొత్త కూర్పుల్లో దీన్ని సరిదిద్దారు. తర్వాత జూన్ 9న మరియాడీబీ భద్రత వ్యవహారాలు చూసే సెర్గేయ్ గొలుబ్‌చిక్ ఈ లోపం వివరాలను బహిరంగంగా వెల్లడించారు. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోనే భద్రతా పరిశోధకుడు హెచ్‌.డి. మూర్ ఇంటర్నెట్టులో బయటకు కనబడుతున్న మైఎస్‌క్యూఎల్ సర్వర్ల లెక్క ప్రకటించారు. సుమారు 17.4 లక్షల సర్వర్లు కనబడితే, వాటిలో 8.79 లక్షలు ఎక్కడి నుంచి వచ్చినవాడినైనా పాస్‌వర్డు అడిగే గుమ్మం దాకా రానిచ్చేవి. ఆ 8.79 లక్షలన్నిటిలోనూ ఈ లోపం ఉందని కాదు. గుమ్మం దాకా దారి ఉందని మాత్రమే. మా దృష్టిలో మాత్రం లోపం కన్నా ఈ లెక్కే ఎక్కువ భయపెట్టేది. లోపాన్ని కంపెనీ సరిదిద్దుతుంది. వీధిలోకి తెరిచిపెట్టిన గుమ్మాన్ని మనమే మూయాలి.

ఇక మరమ్మతు. మూలంలో చేసిన దిద్దుబాటు ఒక్క వరుస. సరిచూసినవాడు చెప్పిన అంకెను ఇరుకు గడిలో రాసుకోవడం మానేసి, ముందుగా ఒక ప్రశ్న అడుగుతారు: తేడా ఉందా, లేదా? ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. గడిలో అంకెకు బదులు టిక్కు పెట్టడమన్నమాట. ఇంతే.

వాడేవాళ్ళు చేయవలసింది కొత్త కూర్పు పెట్టుకోవడం. మైఎస్‌క్యూఎల్‌లో 5.1.63, 5.5.24, 5.6.6 మొదలుకొని, మరియాడీబీలో 5.1.62, 5.2.12, 5.3.6, 5.5.23 మొదలుకొని ఈ లోపం లేదు. పంపిణీలు తమ పాత కూర్పులకు కూడా అతుకు వేసి ఇచ్చాయి కాబట్టి, నంబరు ఒక్కటే చూసి తేల్చేయకూడదు. సైటు చూసుకునేవారిని అడిగితే నిమిషంలో చెప్పగలరు. డేటాబేస్‌లోకి వెళ్ళి వెర్షన్ ఏమిటని అడిగితే అదే చెబుతుంది. ఈరోజు ఎవరి దగ్గరైనా ఆ కాలపు కూర్పు ఇంకా నడుస్తుంటే, ఈ ఒక్క లోపమే కాదు, తర్వాత బయటపడినవన్నీ అందులో ఉంటాయి. 5.5కు కంపెనీ మద్దతు 2018 డిసెంబరుతో ముగిసింది, 5.7కు 2023 అక్టోబరుతో ముగిసింది, 8.0కు 2026 ఏప్రిల్ వరకే గడువు పెట్టారు. గడువు దాటిన కూర్పులో కొత్త లోపం కనబడితే కంపెనీ అందరికీ ఇచ్చే అతుకు ఇక రాదు. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఈ ఒక్క లోపం ఉందా అని కాదు, మన కూర్పుకు ఇంకా మద్దతు ఉందా అని.

కొత్త కూర్పు పెట్టే ముందు పూర్తి నకలు తీయించండి. పెట్టిన తర్వాత డేటాబేస్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టారో లేదో కూడా అడగండి. కొత్త సరుకు డిస్కులో చేరినా, మళ్ళీ మొదలుపెట్టేదాకా నడిచేది పాతదే.

ఒక సంగతి చాలామంది వదిలేస్తారు. అతుకు వేయడం ఇకముందు రాబోయే దొంగను ఆపుతుంది, ఇదివరకే వచ్చి వెళ్ళినవాడిని కాదు. అలా లోపలికి వెళ్ళినవాడు మొదట తీసుకునేది అందరి ఖాతాల పేర్లూ, ఇందాక చెప్పిన పిండి మూటలూ. చిన్న పాస్‌వర్డులైతే తీరిగ్గా కూర్చుని లక్షల మాటలు రుబ్బి చూసి ఏ గింజ నుంచి ఏ పిండి వచ్చిందో కనిపెట్టేస్తాడు. అప్పుడు లోపం లేకపోయినా సరైన తాళంచెవితోనే వస్తాడు. కాబట్టి కూర్పు మార్చిన రోజే డేటాబేస్ ఖాతాల పాస్‌వర్డులన్నీ మార్చాలి. ఎవరికీ తెలియని కొత్త ఖాతా ఏదైనా జాబితాలో చేరిందేమో చూడాలి.

గుమ్మం సంగతికి వస్తాం. మైఎస్‌క్యూఎల్ సర్వరు మామూలుగా 3306 అనే నంబరు కిటికీ దగ్గర కూర్చుని వింటుంటుంది. చిన్న సంఘం సైటులో వెబ్‌సైటు, డేటాబేస్ రెండూ ఒకే కంప్యూటర్లో ఉంటే, ఆ కిటికీ వీధివైపు తెరవవలసిన పనే లేదు. బైండ్ అడ్రస్ అనే అమరికలో 127.0.0.1 అని పెడితే డేటాబేస్ తన ఇంట్లోవాళ్ళ మాట మాత్రమే వింటుంది. ఉబుంటు ప్యాకేజీలో మామూలుగా ఇలాగే ఉంటుంది, ఎవరో ఇంటి నుంచి పనిచేసుకోవడానికని మార్చి, తిరిగి మూయడం మరిచిపోతారు. ఇది గట్టిగా ఉంటే 2012 లోపం ఉన్నా బయటివాడు గుమ్మం దాకా రాలేడు.

డేటాబేస్ వేరే కంప్యూటర్లో ఉంటే కిటికీ తెరవక తప్పదు. అప్పుడు ఫైర్‌వాల్‌లో వెబ్‌సైటు కంప్యూటరుకు మాత్రమే అనుమతి ఇవ్వాలి. దీనికి తోడు మైఎస్‌క్యూఎల్‌లోనే ఒక మంచి కాపలా ఉంది. ప్రతి ఖాతాకూ పేరుతో పాటు ఊరు కూడా రాసుకుంటుంది, అంటే ఏ చిరునామా నుంచి రావచ్చో. వచ్చినవాడి చిరునామా ఏ ఖాతాకూ సరిపోకపోతే పాస్‌వర్డు అడగకుండానే వెనక్కి పంపుతుంది. సరిచూసేవాడి దాకా సంగతే రాదు. ఖాతాల జాబితాలో ఊరి గడిలో శాతం గుర్తు కనబడితే, ప్రపంచంలో ఎక్కడి నుంచైనా రావచ్చని అర్థం. రూట్ ఖాతా ఎదురుగా ఆ గుర్తు ఉండనే కూడదు. పేరు లేని ఖాతాలు, టెస్ట్ అనే ఖాళీ డేటాబేస్ ఉంటే తీసేయాలి. వీటన్నిటినీ ఒక్కొక్కటిగా అడిగి సరిచేసే చిన్న ప్రోగ్రాం, మైఎస్‌క్యూఎల్ సెక్యూర్ ఇన్‌స్టలేషన్ అని, దానితోపాటే వస్తుంది. పది నిమిషాల పని.

కిటికీ మూసి పెరటి తలుపు తెరిచిపెట్టేవాళ్ళూ ఉన్నారు. పీహెచ్‌పీ మైఅడ్మిన్ అనే పేజీ ద్వారా బ్రౌజరులోనే డేటాబేస్ నడుపుకోవచ్చు, సౌకర్యం బాగుంటుంది. కానీ ఆ పేజీ వీధిలో ఎవరికైనా తెరుచుకుంటుంటే 3306 మూసినా లాభం లేదు, ఎందుకంటే ఆ పేజీ ఇంట్లోవాడే. దాన్ని వాడేవారి చిరునామాలకు మాత్రమే పరిమితం చేయించాలి, అక్కరలేకపోతే తీయించేయాలి.

ఇంకొకటి, వెబ్‌సైటు ఎప్పుడూ రూట్ ఖాతాతో డేటాబేస్‌లోకి వెళ్ళకూడదు. రికార్డు గదికి వెళ్ళే బంట్రోతు చేతికి ఆఫీసు మొత్తం తాళాల గుత్తి ఎవరూ ఇవ్వరు కదా. సైటుకు అవసరమైన ఒక్క డేటాబేస్ మీద మాత్రమే అధికారం ఉన్న ఖాతా చాలు.

2012 నుంచి కాలం చాలా మారిందనుకునేవారికి ఒక లెక్క. 2022 మే నెలలో షాడోసర్వర్ ఫౌండేషన్ అనే సంస్థ ఇంటర్నెట్టు మొత్తం వెతికి చూస్తే 36 లక్షల మైఎస్‌క్యూఎల్ సర్వర్లు 3306 కిటికీలో పలకరిస్తే పలికాయి. పదేళ్ళలో తెరిచిన గుమ్మాలు తగ్గలేదన్నమాట.

తెరిచిన గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు దొంగిలించి ఊరుకోరు. 2017 జనవరిలో పాస్‌వర్డే లేకుండా వదిలేసిన మాంగోడీబీ డేటాబేస్‌లను వేల సంఖ్యలో ఖాళీ చేసి, డబ్బు కడితే తిరిగి ఇస్తామని చీటీ వదిలారు. ఫిబ్రవరిలో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ల మీద పడి అదే పని చేశారు, 0.2 బిట్‌కాయిన్ అడిగారు. చాలాచోట్ల వాళ్ళు డేటా నకలు తీసుకోనే లేదు, ఉత్తినే చెరిపేశారు. డబ్బు కట్టినా తిరిగి ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ లేదు.

మన రిజిస్టరు చెరిగిపోతే ఏమవుతుందో కూడా ఆలోచించండి. బడిలో తెలుగు సెక్షన్ కావాలని అడిగితే ఎంతమంది పిల్లలున్నారని అడుగుతారు. మా సంఘం ఆ జవాబు ఎప్పుడూ రిజిస్టరు చూసే ఇచ్చింది. నాలుగు తరాల కుటుంబాలు ఏ పేటలో ఉన్నాయో, ఎవరింట్లో ఇంకా తెలుగు రాయగలరో వేరే ఏ ఆఫీసులోనూ దొరకదు. కాబట్టి నెలకొకసారి డేటాబేస్ పూర్తి నకలు తీసి, ఇంటర్నెట్టుకు తగిలించని పెన్‌డ్రైవులో దాచాలి. ఏడాదికొకసారైనా ఆ నకలును వేరే కంప్యూటర్లో తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలు నకలు కాదని మా అభిప్రాయం. రికార్డు గదిలో కట్టలు విప్పితే చెదపురుగులు కనబడిన అనుభవం మా తరానికి ఉంది.

నకలు దాచడం ఎంత ముఖ్యమో, అక్కరలేనివి దాచకపోవడం అంత ముఖ్యం. స్కాలర్‌షిప్ ఇచ్చేశాక ఆ పిల్లవాడి ఆధార్ నకలు సైటులో ఎందుకు? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా పని అయిపోయిన సమాచారాన్ని తీసేయాలనే చెబుతుంది. లేని కాగితాన్ని ఎవరూ దొంగిలించలేరు.

చొరబాటు జరిగిందని అనుమానం వస్తే సైటును వెంటనే బయటి ప్రపంచం నుంచి విడదీయించండి, కానీ ఏమీ చెరిపేయవద్దు. లాగ్ అనే రాకపోకల పుస్తకం దర్యాప్తుకు కావాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన తెలిసిన 6 గంటల్లోగా వారికి తెలియజేయాలి. సభ్యుల్లో ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే 1930కి ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. సభ్యులకు కూడా ఆ రోజే చెప్పండి. పరువు పోతుందని దాచిపెడితే, ఇందాక చెప్పిన పెద్దమ్మకు ఆ ఫోను వచ్చినప్పుడు అనుమానించడానికి ఆధారం ఉండదు.

చివరగా తోటి కార్యదర్శులకు ఒక పని. ఈ ఆదివారం సమావేశంలో సైటు చూసుకునేవారిని కూర్చోబెట్టుకుని ఇవి అడగండి: డేటాబేస్ ఏది, ఏ కూర్పు, మద్దతు ఎప్పటిదాకా, 3306 బయటకు తెరిచి ఉందా, రూట్ ఎక్కడి నుంచి రావచ్చు, ఆఖరి నకలు ఏ తేదీది, దాన్ని తెరిచి చూసినదెవరు. జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించి ఇద్దరు సంతకాలు పెట్టండి. హోస్టింగు ఖాతా ఎవరి పేరు మీద ఉందో, పాస్‌వర్డులు ఎవరి దగ్గరున్నాయో కూడా అందులోనే రాయండి, పాస్‌వర్డులు మాత్రం రాయవద్దు. వాటిని కవరులో సీలు చేసి అధ్యక్షుల దగ్గర ఉంచితే చాలు, కార్యవర్గం మారిన రోజున అవీ మారాలి.